వార్తల్లో పదం: బ్యాకప్

2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురం జిల్లా నార్పల మండలమందలి బండ్లపల్లిలో ప్రారంభమైన గ్రామీణ ఉపాధి హామీ పథకమునే తీసికొందము: కరవుపనికి వచ్చిన కుటుంబము, చేసిన పని, ముట్టిన కూలి అనునవి వేర్వేరు పట్టికలలో ఉండి, జాబ్‌కార్డు సంఖ్య యను ఒక్క సూత్రముచే ముడివడియుండునట్టి అమరికకు రిలేషనల్ డేటాబేస్ అని పేరు. ఆ పట్టికలను ఫైలుగా వెలికిదీయుట ఎగుమతి. వేఱొక యంత్రమున మరల నిలుపుట దిగుమతి. కుటుంబపు పట్టికకు ముందే కూలిపట్టిక చేరబోయినచో, నియమము విధించియున్నయెడల, యజమాని లేని ఆ వరుసలను డేటాబేస్ నిరాకరించును.

ఇట్టి పట్టికలకు ఆపత్కాలమునకై దాచిన ప్రతియే బ్యాకప్. వేరుసెనగ రైతు విత్తనపుకాయలను విడిగా దాచునట్లు, దానిని మూలయంత్రమునకు దూరముగా నుంచుదురు. ఒకమారైనను తిరిగి నింపి చూడని ప్రతిని నేను మాత్రము నమ్మను. బ్యాకప్ తీయుటకు మైఎస్‌క్యూఎల్ అను డేటాబేస్ వ్యవస్థలో మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్ అను వ్యవస్థలో పీజీడంప్ అను సాధనములు కలవు.