3.4 ఫ్లోరైడ్ నీరు: స్వచ్ఛంద కార్యకర్తల పాత్ర

నీరు తేటగా ఉన్నంత మాత్రాన సురక్షితమని చెప్పలేం. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు. నీటిని మరిగించినా పోదు. నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి. గాఢత మరీ ఎక్కువైతే ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుపోతాయి. ఒకసారి వంగిన ఎముకలను మందులు సరిచేయలేవు. కాబట్టి నివారణే మార్గం.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలియదిప్పి, సుమారు గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్ మడ్డితోపాటు అడుగుకు చేరుతుంది. పైతేట నీటినే వాడుకోవాలి.

పటిక మోతాదు అన్ని బోర్లకూ ఒకటే కాదు. నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారత్వాన్ని బట్టి మారుతుంది. అందువల్ల కార్యకర్తలు ముందుగా ప్రతి బోరు నీటినీ పరీక్ష చేయించాలి. తర్వాత ఇంటింటికీ సరైన మోతాదు నేర్పాలి. బకెట్లు పంచి వెళ్లిపోతే, పటిక అయిపోయిన రోజే ఆ కుటుంబం మళ్లీ పాత నీటినే తాగుతుంది. పటిక సరఫరా, నీటి పునఃపరీక్ష బాధ్యతలను గ్రామ కమిటీ చేపట్టినప్పుడే సేవ నిలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మరిగించిన నీటితో ఫ్లోరైడ్ సమస్య ఎందుకు తీరదు?