అమ్మీటర్ చెప్పేది సగమే.. కరెంట్ ఎటు పోతోందో తెలిసేదెలా?

2003 ఆగస్టు 14. అమెరికా ఈశాన్య రాష్ట్రాలతో పాటు కెనడాలోని ఒంటారియోలో ఒక్కసారిగా కరెంట్ పోయింది. దాదాపు 5 కోట్ల మందికి సరఫరా ఆగిపోయింది. ఒహాయోలో లైన్లు చెట్లకు తగిలి ట్రిప్ అయ్యాయన్నది అందరికీ తెలిసిన సంగతే. అయితే ఆ మధ్యాహ్నం ప్రాంతీయ గ్రిడ్‌ను పర్యవేక్షించే మిసో సంస్థలో ‘స్టేట్ ఎస్టిమేటర్’ అనే ప్రోగ్రామ్ కూడా గంటల తరబడి సరిగా పనిచేయలేదు. ఓ లైన్ ఆగిపోయిన విషయం దానికి అందలేదు. లోపం సరిచేసిన ఇంజినీర్ దాన్ని మళ్లీ ఆటోమేటిక్‌లో పెట్టడం మరిచి భోజనానికి వెళ్లారని దర్యాప్తులో తేలింది.

అసలేంటీ స్టేట్ ఎస్టిమేషన్?

ప్రతి సబ్‌స్టేషన్ దగ్గర వోల్టేజ్ ఎంత, ఆ తరంగం మిగతా చోట్లతో పోలిస్తే ఎంత ముందు వెనకలుగా ఉంది (దీన్నే ఫేజ్ యాంగిల్ అంటారు) అన్నది తెలిస్తే చాలు. ఏ లైన్‌లో ఎంత లోడ్ ఉందో లెక్క కట్టేయొచ్చు. కానీ అన్నిచోట్లా మీటర్లు ఉండవు. ఉన్నవీ కాస్తో కూస్తో తప్పు చూపిస్తాయి. అందుకే వచ్చిన రీడింగులన్నింటికీ బాగా సరిపోయే పరిస్థితి ఏదో కంప్యూటర్ లెక్కిస్తుంది. ఎంఐటీ ప్రొఫెసర్ ఫ్రెడ్ ష్వెప్పే 1970లో ఈ పద్ధతికి పునాది వేశారు.

ఆంపియర్లతోనే చిక్కు

పెద్ద లైన్లకు మెగావాట్ల రీడింగ్ ఉంటుంది, దిశ కూడా తెలుస్తుంది. ఊళ్లకు వెళ్లే 11 కేవీ ఫీడర్ల దగ్గరకొచ్చేసరికి చాలాచోట్ల దొరికేది ఆంపియర్లే. ఉదాహరణకు మీటర్ 200 ఆంప్స్ చూపిస్తోంది అనుకుందాం. అంటే సుమారు 3.8 ఎంవీఏ. బాగానే ఉంది. కానీ అది సబ్‌స్టేషన్ నుంచి ఊరికి వెళ్తోందా? లేక మిట్టమధ్యాహ్నం ఊళ్లోని సోలార్ ప్యానెళ్ల నుంచి వెనక్కి వస్తోందా? అమ్మీటర్‌కు రెండూ ఒకటే! లెక్కకు రెండు సమాధానాలు వస్తాయి. తప్పు సమాధానం కూడా నిజంలాగే కనిపించడమే ఇక్కడ ప్రమాదం.

ఇంకో తంటా ఉంది. లెక్క మొదట్లో కంప్యూటర్ సాధారణంగా అన్నిచోట్లా వోల్టేజ్ ఒకటే అనుకుంటుంది. అప్పుడు లైన్లలో కరెంట్ దాదాపు సున్నా. సరిగ్గా అక్కడే ఆంపియర్ సమీకరణం మొరాయిస్తుంది, ఎటు జరగాలో చెప్పదు. అందుకే మొదటి ఒకట్రెండు రౌండ్లు ఆంపియర్లను పక్కనపెట్టి, ఆ తర్వాత కలపడం ఒక మార్గం.

ఉపగ్రహ గడియారం సాయం

ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన అరుణ్ ఫడ్కే, జేమ్స్ థోర్ప్‌లు 1988లో వర్జీనియా టెక్‌లో పీఎంయూ అనే పరికరాన్ని రూపొందించారు. ఇది జీపీఎస్ సమయంతో కరెంట్ పరిమాణాన్నే కాదు, యాంగిల్‌నూ కొలుస్తుంది. దిశ విషయంలో అనుమానమే ఉండదు. లెక్క కూడా రౌండ్లు తిరగకుండా ఒకేసారి తేలిపోతుంది. పైగా ఒక సబ్‌స్టేషన్‌లో వోల్టేజ్, అక్కడి నుంచి బయల్దేరే లైన్ల కరెంట్ తెలిస్తే అవతలి చివర వోల్టేజ్ కూడా దొరికేస్తుంది. గడియారం మైక్రోసెకను తప్పినా 50 హెర్ట్జ్ మీద తేడా 0.018 డిగ్రీలే. మన దేశంలో 2012 జులై 30, 31 తేదీల బ్లాకౌట్ల విచారణలోనూ పీఎంయూ డేటా ఉపయోగపడింది.

అయితే ప్రతి ఫీడర్‌కూ పీఎంయూ పెట్టడం ఖర్చుతో కూడిన పని. పెట్టినా కరెంట్‌ను కొలిచే సీటీ తీగలు తారుమారుగా కలిపితే యాంగిల్ ఏకంగా 180 డిగ్రీలు తిరిగిపోతుంది. ఆ తప్పు పట్టుకోవాలంటే పక్కనే పోల్చి చూసుకోవడానికి మరో మీటర్ ఉండాల్సిందే.