ఉడుంపట్టుకి ఎన్ని కేజీలు?

మా హాస్టల్లో ఇప్పుడు దాదాపు ప్రతి రూమ్‌లో ఒక హ్యాండ్ గ్రిప్పర్ ఉంది. నల్ల ప్లాస్టిక్ పిడులు, మధ్యలో స్ప్రింగ్, టైట్ చేసుకోవడానికి ఒక నాబ్, దాని పక్కన 5 నుంచి 60 దాకా కేజీల అంకెలు. లెక్చర్ వీడియో చూస్తూ ఒక చేత్తో మూడు వందల సార్లు నొక్కేవాళ్లు ఉన్నారు. "నాది అరవై కేజీల గ్రిప్ బ్రో" అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఆ అరవై ఎక్కడి నుంచి వచ్చింది, దానివల్ల చెయ్యి నిజంగా బలపడుతుందా, పడితే ఏ పనికి పనికొస్తుంది అన్నది రాద్దామని కూర్చున్నాను.

గట్టి పట్టు అనగానే మనకి ఉడుంపట్టు గుర్తొస్తుంది. 1670లో తానాజీ మనుషులు సింహగఢ్ కోట గోడ ఎక్కడానికి ఉడుముకి తాడు కట్టి వదిలారని ఒక కథ కూడా ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, ఉడుము దేన్నీ పిండదు. గోళ్లు రాతి పగుల్లోకి దించి, ఒంటిని రాతికి అదుముకుని ఉండిపోతుంది. అంటే దానిది గ్రిప్పర్ పట్టు కానే కాదు. (నల్లమలలో ఉడుములు ఉన్నాయి. ప్రయోగం చేద్దామనుకునే మిత్రులకి ఒక మాట: వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం నేరం.)

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌లో మొమెంట్ చదివాం కదా, బలం ఇంటూ దూరం. గ్రిప్పర్ అంతా అదే. స్ప్రింగ్ చుట్ట నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో నొక్కితే 60 కేజీల బలం అడిగే గ్రిప్పర్, 10 సెంటీమీటర్ల దూరంలో నొక్కితే 30 కేజీలే అడుగుతుంది. స్ప్రింగ్ అదే, గ్రిప్పర్ అదే. కాబట్టి పిడి మీద ఏ చోట కొలిచారో చెప్పకుండా కేజీలు రాస్తే ఆ అంకెకి అర్థం లేదు. ఒక కంపెనీ 60, ఇంకో కంపెనీ 40 కంటే తేలిగ్గా ఉండొచ్చు. దీన్ని సీరియస్‌గా తీసుకునేవాళ్లు ఏం చేస్తారంటే, ఒక పిడిని బెంచ్ వైస్‌లో బిగించి, రెండో పిడి చివర పట్టీ కట్టి, రెండు పిడులూ తాకేదాకా బరువులు వేలాడదీస్తారు. ఎక్కడ తాకిందో ఆ బరువే దాని అసలు రేటింగ్. మన వర్క్‌షాప్‌లో వైస్ ఉంది, ఎవరైనా చేసి చూడొచ్చు.

ఇంకో విషయం, స్ప్రింగ్‌ని ఎంత మడిస్తే అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది. మూసే కొద్దీ బరువు పెరుగుతుంది. కానీ మన వేళ్లు పూర్తిగా ముడుచుకున్నప్పుడు కండరం అప్పటికే బాగా కుంచించుకుపోయి ఉంటుంది, ఇంక లాగే శక్తి తక్కువ. స్ప్రింగ్ బలం పెరిగేది, చేతి బలం తగ్గేది ఒకే చోట. అందుకే చివరి అర సెంటీమీటర్ దగ్గర అందరూ ఆగిపోతారు. పిడులు "టక్" అని తాకకపోతే అది మూసినట్టు లెక్క కాదు. మా రూమ్‌మేట్ మూడు వందల్లో తాకినవి ఎన్ని అని ఒకరోజు చెవి పెట్టి విన్నాను. ఆ సంఖ్య ఇక్కడ రాస్తే వాడు నాతో మాట్లాడడు.

అసలు ఆ బలం ఎక్కడుంది? వేళ్లలో కాదు. కుడి ముంజేతిని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేతి వేళ్లు ఆడించండి. ముంజేతిలో కండరాలు కదలడం తెలుస్తుంది. పిడికిలి బిగించే పెద్ద కండరాలు అక్కడే ఉన్నాయి. వాటి నుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు గుండా వేళ్లలోకి వెళ్తాయి. మణికట్టు దగ్గర ఒక ఇరుకు సొరంగంలో తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు ఒక నరం దూరాలి. ఈ సొరంగం గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. ఇప్పుడు మణికట్టుని లోపలికి బాగా మడిచి పిడికిలి బిగించి చూడండి. పట్టు రాదు. కొంచెం వెనక్కి వంచితే వస్తుంది. అందుకే గ్రిప్పర్ నొక్కేటప్పుడు మణికట్టు లోపలికి వంగనివ్వకూడదు.

బరువైన గ్రిప్పర్ల ప్రపంచం వేరే ఉంది. అమెరికాలో ఐరన్‌మైండ్ అనే కంపెనీ కెప్టెన్స్ ఆఫ్ క్రష్ పేరుతో ఉక్కు స్ప్రింగ్, అల్యూమినియం పిడులతో గ్రిప్పర్లు చేస్తుంది. వాటికి నాబ్ ఉండదు, నంబర్లు ఉంటాయి. కంపెనీ లెక్క ప్రకారం ట్రైనర్ అనేది 100 పౌండ్లు, అంటే సుమారు 45 కేజీలు. నంబర్ 1 దాదాపు 63, నంబర్ 2 దాదాపు 88, నంబర్ 3 దాదాపు 127, నంబర్ 4 దాదాపు 166 కేజీలు. నంబర్ 3 దగ్గర నుంచి అధికారికంగా మూసినవాళ్ల పేర్లు జాబితాలో ఎక్కుతాయి. దానికి ఒక రూల్: మొదలుపెట్టేటప్పుడు రెండు పిడుల చివర్ల మధ్య క్రెడిట్ కార్డు వెడల్పు ఖాళీ ఉండాలి, అంటే దాదాపు 54 మిల్లీమీటర్లు. రెండో చేత్తో సగం మూసేసి "నేను మూశాను" అంటే కుదరదు. నంబర్ 4ని మొదట మూసింది 1998లో జో కిన్నీ. ఆయన ఎక్కువగా నమ్ముకున్నది వెనక్కి వదిలే పద్ధతి. తను మూయలేని గ్రిప్పర్‌ని ఇంకో బలం సాయంతో మూసి, తర్వాత ఒక్క చేత్తో అది తెరుచుకోకుండా ఆపడానికి ప్రయత్నించడం. కండరం పైకెత్తే బరువుకంటే ఆపే బరువు ఎక్కువ, అదే దీని కిటుకు. వినడానికి బాగుంది కానీ కొత్తవాళ్లకి ఇది వద్దు. కండరం నెలల్లో బలపడుతుంది, స్నాయువు అంత తొందరగా బలపడదు. ఆ తేడా మోచేతి లోపలి ఎముక దగ్గర నొప్పిగా బయటపడుతుంది.

మామూలుగా చేసేవాళ్లకి పద్ధతి సింపుల్. తేలిక గ్రిప్పర్‌తో ఇరవై సార్లు వేడెక్కించుకుని, తర్వాత మూడు నుంచి ఆరు సార్లు మాత్రమే పూర్తిగా మూయగలిగే గ్రిప్పర్ తీసుకోవాలి. అలా నాలుగైదు సెట్లు, మధ్యలో రెండు నిమిషాల రెస్ట్, వారానికి రెండు లేదా మూడు రోజులు. ఆఖరిసారి మూసి ఐదు సెకన్లు అలాగే పట్టి ఉంచండి. మూడు వందల సార్లు నొక్కగలిగేది ఓపిక పెంచుతుందేమో గానీ బలం పెద్దగా పెంచదు. అయిపోయాక ఐదు వేళ్ల చుట్టూ లావు రబ్బర్ బ్యాండ్ వేసి వేళ్లు బయటికి విప్పాలి, పాతిక సార్లు. మనం రోజంతా ముడవడమే, విప్పే కండరాన్ని ఎవరూ పట్టించుకోరు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే ఆపేయండి. ఇందాక చెప్పిన సొరంగంలో నరం నొక్కుకుపోతోందని అర్థం. ఇది రోజంతా కీబోర్డ్ మీద ఉండే మన బ్రాంచ్ వాళ్లకి మరీ ముఖ్యం.

ఇదంతా పిండే పట్టు. చేతికి ఉన్న పట్టుల్లో ఇది ఒకటి మాత్రమే. మాది మహానంది దగ్గర. కోనేటి నీళ్లు పారే చోటల్లా అరటి తోటలే. గెలలు లారీకెక్కించే మనిషి గెల కాడని పట్టుకుని నడుస్తాడు, పిండడు. వేళ్లు కొక్కెంలా వంచి బరువుని వేలాడదీస్తాడు. అది మోసే పట్టు. బేతంచెర్లలో నాపరాళ్లు మోసేవాళ్లు బండ అంచుని ఒకవైపు బొటనవేలు, ఇంకోవైపు నాలుగు వేళ్లతో పట్టుకుంటారు. అది గిల్లే పట్టు, దీంట్లో బొటనవేలే రాజు. గ్రిప్పర్ నొక్కేటప్పుడు బొటనవేలికి దాదాపు పనే లేదు. తిరునాళ్లలో గుండు ఎత్తే పోటీలు చూసేవుంటారు. ఆ గుండ్రటి రాయికి పిడి ఉండదు, పిడికిలి మూసుకోదు, అరచేతులూ ముంజేతులూ కలిపి హత్తుకోవాలి. నంబర్ 2 మూసేవాడు గుండు దగ్గర ఓడిపోవచ్చు, గుండు ఎత్తేవాడు నంబర్ 1 దగ్గర ఆగిపోవచ్చు. ఒకదాని సాధన ఇంకోదానికి కొంతే పనికొస్తుంది.

ఇది నాకు బాగా అర్థమైంది ఆళ్లగడ్డలో. అక్కడి రాతి శిల్పాలకి భౌగోళిక గుర్తింపు ఉందని మీకు తెలిసే ఉంటుంది. నాకు వరుసకి మామ అయ్యే ఒకాయన అక్కడ విగ్రహాలు చెక్కుతాడు, ముప్పై ఏళ్లకి పైగా అదే పని. మొన్న సెలవుల్లో నా గ్రిప్పర్లు రెండూ తీసుకెళ్లి చూపించాను. ప్లాస్టిక్‌దాన్ని 60 మీద పెట్టి ఇస్తే ఆడుకునే బొమ్మలా మూసేశాడు. 45 కేజీల ఉక్కుదాన్ని పదిసార్లు మూసి, "ఏముంది అల్లుడా దీంట్లో పని?" అన్నాడు.

అప్పుడు ఉలి నా చేతికిచ్చాడు. నేను గట్టిగా పట్టుకోగానే వేళ్ల మీద ఒకటి వేశాడు. "అట్ల పిండినావంటే మధ్యానానికి చెయ్యి పడిపోతాది. ఉలి జారకూడదు, అంతే. సుత్తి గూడా అంతే, తగిలేటప్పుడు బిగియ్యాల, లేచేటప్పుడు వదలాల." ఎంత బలం కావాలో అంతే వాడి, మిగతాది దాచుకోవడం ఆ పనిలో నేర్చుకునేది. గ్రిప్పర్ నేర్పేది దీనికి పూర్తిగా రివర్స్, ఉన్నదంతా ఒక్కసారి ఖర్చుపెట్టడం. రెండూ బలమే.

కానీ ఆయన చేతిలో నేను చూసింది ఇంకొకటి ఉంది. గ్రిప్పర్ తిరిగి ఇచ్చాక టీ తాగుతుంటే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎందుకు మామా అంటే, పొద్దున పూట వేళ్లు మొద్దుబారుతున్నాయి, చలికాలంలో కొనలు తెల్లగా అవుతున్నాయి అన్నాడు. ఇప్పుడు ముతక పనంతా కరెంటు గ్రైండర్ మీదే. రోజుకి ఐదారు గంటలు అది చేతిలో వణుకుతూ ఉంటుంది.

దీనికి పేరుంది, వందేళ్ల క్రితమే రాసి పెట్టారు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ డాక్టర్ ఇండియానా రాష్ట్రంలో బెడ్‌ఫర్డ్ దగ్గర సున్నపురాయి చెక్కేవాళ్లని పరిశీలించింది. గాలి సుత్తులు వాడేవాళ్ల వేళ్లు చలికి తెల్లబడి స్పర్శ పోతున్నాయి, అదీ ఉలి పట్టే ఎడమచేతిలో ఎక్కువ. వణుకు ఏళ్ల తరబడి చేతిలోకి ఎక్కితే వేళ్ల రక్తనాళాలు, నరాలు రెండూ దెబ్బతింటాయి. తర్వాత పట్టు తగ్గుతుంది. యంత్రాన్ని ఎంత బిగించి పట్టుకుంటే అంత ఎక్కువ వణుకు చేతిలోకి వస్తుంది. స్పర్శ తగ్గినవాడు జారిపోతుందని భయపడి ఇంకా బిగిస్తాడు. అక్కడ గ్రిప్పర్ సాధన మందు కాదు. పనిచేసేది వేరే: మధ్యమధ్యలో గ్రైండర్ పక్కన పెట్టడం, అరిగిపోయి అదిరే బ్లేడు మార్చడం, చేతులు వెచ్చగా ఉంచుకోవడం, బీడీ మానడం, తొందరగా డాక్టర్‌కి చూపించుకోవడం.

డాక్టర్లు కూడా పట్టు కొలుస్తారు, స్ప్రింగ్‌తో కాదు, డైనమోమీటర్‌తో. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ప్యూర్ అధ్యయనంలో మన దేశంతో కలిపి 17 దేశాల్లో దాదాపు 1,40,000 మంది పట్టు కొలిచి కొన్నేళ్లు గమనించారు. పట్టు 5 కేజీలు తక్కువ ఉన్నచోట చనిపోయే అవకాశం 16 శాతం ఎక్కువ కనిపించింది. ఇది చూపించి గ్రిప్పర్లు అమ్మే యాడ్స్ వస్తున్నాయి. కానీ పట్టు ఒక థర్మామీటర్ లాంటిది. ఒళ్లంతా ఎలా ఉందో చెప్తుంది. థర్మామీటర్‌ని చల్లబరిస్తే జ్వరం తగ్గదు.

మామకి ఇదంతా చెప్పాను. నంద్యాల ఆసుపత్రికి వెళ్దాం, నేనే తీసుకెళ్తా అన్నాను. "ముందు ఈ నందిని పంపించనీ" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అది నిలువెత్తు రాయి. ఇంకా మూపురం దగ్గరే ఉంది.