ఉంగరం లేని చాకు

నాణేలు సేకరించేవారిని, తపాలా బిళ్ళలు సేకరించేవారిని మన పాఠకులు ఎరుగుదురు. మడతచాకులు సేకరించేవారు కూడ ఉన్నారని విన్నప్పుడు మేము నవ్వినాము. మామిడికాయ చెక్కుకొనే చాకును భూతద్దం పెట్టి చూడడమేమిటి అనుకొన్నాము. పోయిన వేసవిలో యానాంలోని మా యింట ఒక సాయంకాలం జరిగిన సంభాషణతో ఆ నవ్వు మానుకొన్నాము.

మా మేనల్లుడు ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు వస్తూ ఒపినెల్ వారి 8వ నంబరు మడతచాకు ఒకటి తెచ్చినాడు. (విమానంలో చేతిసంచిలో ఉంచనివ్వరు, సామానులో వేసి పంపవలసినదే.) అది కొద్ది సంఖ్యలో మాత్రమే చేసిన రకమట. చాకులు సేకరించే అతని స్నేహితులిద్దరు దానిని చూడవచ్చినారు. అప్పుడు మాకు మా పెదనాన్నగారి పాత చాకు జ్ఞాపకం వచ్చినది. ఆయన ఫ్రెంచివారి కచేరీలో గుమాస్తాగా ఉన్న రోజులలో సంపాదించినది. పెట్టెలోనుండి తీసి కొత్తదాని ప్రక్కన చాప మీద పెట్టినాము. రెండింటి అలుగుల మీదను ఒకటే ముద్ర: కిరీటం క్రింద, వ్రేళ్ళెత్తి దీవిస్తున్న ఒక చేయి.

ఈ చాకు పుట్టినిల్లు ఆల్ప్సు కొండలలోని సవాయ్ ప్రాంతం. అక్కడ పనిముట్లు చేసే కుటుంబంలో పుట్టిన జోసఫ్ ఒపినెల్ 1890లో, తన పదునెనిమిదవ యేట, పల్లెటూరి రైతు జేబులో ఇమిడే ఈ చాకును రూపొందించినాడు. 1897 నాటికి 1 మొదలు 12 వరకు పన్నెండు కొలతలలో చేయసాగినాడు. వీనిలో 1, 11 నంబర్లు తరువాత మానివేసినారు. ముద్రలోని చేయి సేంట్ జాన్ ద మోరియెన్ అనే పట్టణపు చిహ్నం. కిరీటం సవాయ్ ప్రభువులది.

చర్చ మొదట కొత్త చాకు పిడి మీద సాగినది. మామూలుగా పిడిని బీచ్ చెక్కతో చేస్తారు. దీనిది ఆలివ్ చెక్క. పసుపు మీద గోధుమరంగు చారలతో కంటికి ఇంపుగా ఉన్నది.

"కొద్దిగా చేసినారు కనుకనే దీనికి విలువ" అన్నాడు మొదటి అబ్బాయి.

"చాకుకు ఉన్నవే అయిదు భాగాలు. అలుగు, పిడి, సీల, పొన్ను, పొన్ను మీద తిరిగే ఉంగరం. నాలుగు మామూలువే. చెక్క మార్చినంతలో చాకు మారినదా?" అన్నాడు రెండవవాడు.

మొదటివాడు తగ్గలేదు. పిడి మా చేతికిచ్చి చూడమన్నాడు. పిడి ఒకే చెక్కముక్క, జిగురు లేదు. అలుగు దాగే గాడిని ఆ ముక్కలోనే రంపంతో కోస్తారు. కనుక చెక్క ఈనె పిడి పొడుగునా సాగవలెను. అడ్డుగా పోయినదా, గాడి దగ్గర బీట వారుతుంది. చారలు అందంగా ఉన్న చెక్కలో ఈనె తిన్నగా సాగిన ముక్కను ఏరడం సులభం కాదు. మూసినప్పుడు అలుగు గాడి నడుమ కూర్చున్నదా, మొన పైకి రాకుండ ఉన్నదా, ఉంగరం వదులుగా లేదు గదా అని ఒక్కొక్కటి చూపినాడు. మేము నవ్విన భూతద్దం పనికివచ్చినది అప్పుడే.

ఇంతలో రెండవ అబ్బాయి పాత చాకు తీసి, "ఏమండీ, దీనికి తిరిగే ఉంగరం లేదే!" అని కేక వేసినంత పని చేసినాడు.

సంగతి ఏమనగా, ఆ ఉంగరాన్ని 1955లో మార్సెల్ ఒపినెల్ కల్పించినాడు. అలుగు తెరిచి ఉంగరాన్ని కొంచెం త్రిప్పితే గాడి నోరు మూసుకొంటుంది. అలుగు వెనుకకు మడవబడదు. 2000 సంవత్సరం నుండి మూసిన చాకు దానంతటది తెరుచుకోకుండ కూడ ఉంగరమే ఆపుతున్నది. 2 మొదలు 5 వరకు గల చిన్న చాకులకు నేటికీ అది లేదు; కాని 8వ నంబరుకు లేదంటే అది 1955కు ముందటిదే. యానాంలో ఫ్రెంచి పాలన ముగిసినది 1954లో. లెక్క సరిపోయినది.

"ఉంగరం లేకపోవడమే దీని ఘనతండీ. ఎంత చెప్పినా కొంటాను" అన్నాడు ఆ అబ్బాయి.

మాకు పెదనాన్నగారి కుడి చూపుడువ్రేలు కళ్ళకు కట్టినది. ఒకనాడు ఆయన కొబ్బరిచిప్పకు బెజ్జం పెట్టబోయి చాకు మొనను గ్రుచ్చి నొక్కినారు. అలుగు మడతపడి వ్రేలి మీదకు వచ్చినది. నరం తెగి ఆ వ్రేలు మరి వంగలేదు. వ్రాతపని చేసి బ్రతికే మనిషి తక్కిన వ్రేళ్ళతో కలం పట్టడం నలుబదియేళ్ళు దాటిన వయస్సులో మరల నేర్చుకొన్నారు. తప్పు చాకుది కాదు, దానిని బరమాగా వాడిన తనదేనని ఆయనే చెప్పేవారు. ఈ సంగతి చెప్పగా అబ్బాయిలు కాసేపు మాట్లాడలేదు. తరువాత మొదటివాడు కొత్త చాకు ఉంగరాన్ని రెండుసార్లు అటూ ఇటూ త్రిప్పి, "మేము దీని మెరుపు చూస్తామే గాని, ఇది ఎవరి వ్రేలి కొఱకు వచ్చినదో ఆలోచించమండీ" అన్నాడు.

అక్కడినుండి చర్చ వేరు త్రోవ పట్టినది. ఈ వంపు ఎందుకు, ఈ గంటు ఎందుకు అని ప్రతి భాగాన్ని అడగసాగినారు. వానాకాలంలో పెదనాన్నగారు చాకు పిడి చివరను అరుగు రాతి మీద టక్కున కొట్టి అలుగు తీసేవారు. అది ఆయన అలవాటనుకొన్నాము. తేమకు చెక్క ఉబ్బి అలుగు బిగిస్తే సవాయ్ రైతులు చేసేదీ అదేనట. దానికి 'సవాయ్ దెబ్బ' అని పేరు కూడ ఉన్నదట. కొండల రైతుకు, గోదావరి ఒడ్డు గుమాస్తాకు ఒకే చెక్క ఒకే పాఠం చెప్పినది.

నల్లబడిన పాత అలుగును ఇటుకపొడితో తోమి ఇస్తామంటే ఇద్దరూ వారించినారు. అది కార్బన్ ఉక్కు. పండ్లు, కూరలు కోయగా కోయగా వచ్చిన రంగు అది, తుప్పు కాదు. తోమితే ముద్ర కూడ అరిగిపోతుంది. పొడిగుడ్డతో తుడిచి నూనె చేయి రాస్తే చాలునన్నారు. మీ యిళ్ళలో పాత చాకులుంటే ఈ మాట గుర్తుంచుకొనండి. తాళం లేని చాకును పిల్లల చేతికి ఇవ్వకండి.

పాత చాకు అమ్మలేదు. కొత్తదానిని పెట్టెలోనే దాచవలెనని తెచ్చిన మా మేనల్లుడు ఆ సాయంకాలం ఉంగరం బిగించి మామిడిపండ్లు కోసి అందరికీ పెట్టినాడు. "పిడికి మరక పడుతుందిరా" అన్నాము. "పడనీ మామయ్యా" అన్నాడు.