సన్నపిన్ను కాలము

శాలిబండ ప్రధానవీథినుండి చీలిన ఒక గల్లీలో, నాలుగడుగుల వెడల్పునకు మించని మరమ్మతు దుకాణము ముందు మొన్నటి ఒక సాయంకాలమున నేను నిలిచియుండగా, గౌలిపురా వైపునుండి నడచివచ్చిన ఒక వృద్ధురాలు కొంగుముడి విప్పి, రబ్బరుబ్యాండు చుట్టిన నోకియా 1100 నొకదానిని తీసి గాజుబల్లపై పదిలముగా నుంచినది. గుడిముందు పూలమ్ముకొను మనిషి యని ఆమె వ్రేళ్లకంటిన పసుపును, బంతిపూల వాసనయు చెప్పకయే చెప్పినవి.

“మల్ల బందైంది బిడ్డా.”

“అమ్మా, దీన్ని ఇంక ఎన్ని దినాలు నడిపిస్తవ్? టచ్ ఫోన్ తీస్కోరాదు?”

“అది గూడ ఉన్నది. మా పిల్లగాడు దమ్మాంకెల్లి తెచ్చిండు. అల్మార్ల పెట్టిన.”

ఈ సమాధానమునకు దుకాణదారుడు నవ్వలేదు. అతనికిది కొత్త కాదు. ఖరీదైన ఫోనును తువాలులో చుట్టి బీరువాలో దాచి, చవుకైన దానిని కొంగున ముడివేసుకొని తిరుగు తల్లు లీ ప్రాంతమున నింటికొక్కరైనను కలరని అతడే తరువాత నాతో ననెను.

భాగ్యనగరమున నీ జాతి యంత్రమునకు పేరు లనేకములు. బటన్ల ఫోనని కొందరు, చిన్నఫోనని కొందరు, తిట్టో ముద్దో తేలని స్వరముతో డబ్బాఫోనని అందరును పిలుతురు. 1995 జులై 31న కలకత్తానుండి బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటాడి ఈ దేశమున చరవాణికి శ్రీకారము చుట్టినప్పుడును, అటుపిమ్మట టాటా సెల్యులర్, జేటీ మొబైల్స్ సంస్థలు మన రాష్ట్రమున సేవలు నెలకొల్పినప్పుడును, వచ్చిన కాలునకు సైతము నిమిషమునకింతయని రూపాయలు చెల్లింపవలసిన కాలమగుటచే, అది ధనవంతుల నడుమున వ్రేలాడు ఆభరణముగనే యుండెను. 2003లో రెండు సంగతులు సంభవించినవి: వచ్చు కాలులు ఉచితములైనవి, నోకియా 1100 బజారునకు వచ్చినది. శిరస్సున చిరుదీపము, ధూళి చొరనీయని ఏకఖండపు రబ్బరు మీటలు, చెమటచేతికి జారని ప్రక్కలు, 86 గ్రాముల బరువు: వీధిదీపము వెలుగునో వెలుగదో తెలియని మన గల్లీలను చూచియే దానిని రూపొందించిరేమో యనిపించును. ప్రపంచము మొత్తముమీద 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఒక్క నమూనాను అమ్మకములలో మించిన చరవాణి మరి యొకటి లేదనుట అతిశయోక్తి కాదు.

దుకాణదారుడు గోటితో వెనుకరేకు నూడదీసి, బీఎల్-5సీ బ్యాటరీని బయటికి లాగి, దాని రాగి ముఖములను దీపమునకెదురుగా పట్టి చూచెను. ఆమె తడిచేతుల నీరు చొరబడి లోపలి స్ప్రింగు కాళ్లపై పచ్చని చిలుము పట్టియుండెను. సన్నని స్క్రూడ్రైవరుతో నొక్కొక్క మరను విప్పి, పాత పండ్లబ్రష్షును థిన్నరులో ముంచి, చంటిబిడ్డ చెవి తుడిచినంత మెల్లగా బోర్డును రుద్ది, సూదిమొనతో స్ప్రింగు కాళ్లను వెంట్రుకవాసి పైకెత్తి, నోటితో ఊదెను. ఈ తతంగమునకు పట్టిన కాలము పది నిమిషములు. అడిగిన కూలి 50 రూపాయలు. విప్పుటకు వీలైన వస్తువునందు మనిషి కొక విశ్వాసముండును. ఈనాటి జిగురుతో నతికిన గాజుపలకలను తెరువవలెనన్న వేడిగాలి పట్టవలెను. తెరచిన పిమ్మట మరల మూతపడునను హామీ యెవ్వరు నీయరు. ఛార్జరు లన్నింటిని సన్నపిన్ను, లావుపిన్ను అని రెండే కులములుగ విభజించిన ఆ కాలమున, ఏ పాన్‌డబ్బా కడకు పోయినను సన్నపిన్ను దొరకెడిది. ఆ సౌకర్యము తలచుకొన్నప్పుడు, నా సంచిలోని మూడు తీగల చిక్కును చూచి నాకే సిగ్గు కలుగును.

ఆ వృద్ధురాలికి అక్షరములు రావు. ఆమె ఫోనులో పేర్లు లేవు. అంకెలు మాత్రమే యున్నవి. 2ను నొక్కిపట్టినచో సౌదీ దమ్మాంలోని కొడుకు, 3ను నొక్కిపట్టినచో ఉప్పుగూడలోని కూతురు, 4 పూలు పంపు మండీ వ్యాపారి. ఈ ఏర్పాటు దుకాణదారుడే యెన్నడో చేసిపెట్టెనట. మీటలపై అంకె లరిగిపోయినను, నడిమి 5 మీది చిన్న బొడిపెను తడిమి చూచుకొని తక్కిన వాని స్థానమును ఆమె వ్రేలు పోల్చుకొనును. నునుపైన గాజుపై ఈ స్పర్శజ్ఞానమునకు చోటెక్కడిది? చదువుకొన్నవారు నిరక్షరాస్యతకు మందుగా టచ్ ఫోనును సూచింతురు కాని, వ్రేలికి దారిచూపు ఆ బొడిపెను తీసివేసి బొమ్మలు చూపుట ఒక కంటిని మూసి మరియొక కంటిని తెరచుట వంటిది.

కొడుకునకు ఆమె ఫోను చేయదు, రింగిచ్చును. గల్ఫ్‌కు పోయినవారున్న పాతబస్తీ ఇండ్లలో ఈ రింగు ఒక భాషయే యయ్యెను. ఒక రింగైనచో క్షేమము; రెండైనచో పైసలు ముట్టినవి; మరల మరల మోగినచో వెంటనే మాటాడవలెను. సౌదీనుండి వచ్చు కాలు చవుక, ఇక్కడనుండి పోవు కాలు ప్రియము కాబట్టి, కొడుకు రింగు చూచి తిరిగి చేయును. ఇంటింటికి కొంచెముగ మారు ఈ వ్యాకరణమును ఏ పండితుడును వ్రాయలేదు. ఫోను సంస్థలు దీనివలన పైసయు గడింపలేదు. అయినను మిస్డ్ కాలునకు కడకు రాజముద్ర పడినది. 2022 మార్చి 8న రిజర్వు బ్యాంకు, ఇంటర్నెట్టు లేని ఫోనులకై యూపీఐ 123పే అను పద్ధతిని ఆరంభించినప్పుడు, అందలి నాలుగు మార్గములలో మిస్డ్ కాలు నొకటిగ చేర్చెను. అయితే మన పూలగంపల ప్రక్కన కనబడునది క్యూఆర్ అట్టముక్కయే కాని, మిస్డ్ కాలుతో పైక మిచ్చిన వానిని నేనింతవరకు చూడలేదు.

2020 అక్టోబరులో కుండపోత కురిసి, చెరువునీరు పాతబస్తీలోని అల్ జుబైల్ కాలనీని, హాఫిజ్ బాబా నగరును ముంచెత్తినప్పుడు, విద్యుత్తు లేని రాత్రులు గడచినవి. పెద్ద ఫోనులు మరునాటికే కన్నుమూసినవి. మీటల ఫోనున్న యింటి కప్పుపైనుండి మాత్రము కబురు వెలుపలికి పోవుచుండెను. దాని శిరోదీపముతోనే మెట్లు వెదకుకొని దిగిరి. మరుసటి ఫిబ్రవరిలో రేషను బియ్యమునకు వ్రేలిముద్ర బదులు ఆధార్‌తో ముడిపడిన ఫోనునకు వచ్చు ఓటీపీ కావలసివచ్చినప్పుడును, ఆరంకెలను తెచ్చి చూపుటకు డబ్బాఫోను చాలినది. నంబరు ముడివేయించుకొనుటకై మీసేవల ముందు గంటలకొలది నిలుచుట వేరు విషయము.

ఇంత పొగడినవాడు దోషములు దాచరాదు. వీనిలో పెక్కింటికి తెలుగు రాదు. తెలుగున పంపిన సందేశము వాని తెరపై వరుసగ నిలిచిన ఖాళీ పెట్టెలై కనబడును. ఆంగ్లమున 160 అక్షరములు పట్టు చోట మన లిపికి 70 మాత్రమే దక్కును, అందు గుణింతపు గుర్తొక్కొక్కటియు వేరు లెక్క. 2007 ఆగస్టులో, మత్సుషితా చేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు వేడెక్కి ఊడిరావచ్చునని నోకియాయే ప్రకటింపగా, దేశమంతటను గగ్గోలు పుట్టి, జనులు ఫోనులు విప్పి అంకెలు చదువుకొనిరి. గుర్తింపుసంఖ్య లేని చవుక చీనా ఫోనులు చేతులు మారుచుండెడివి. భద్రతాకారణములచే 2009 డిసెంబరు 1నుండి ఐఎంఈఐ యను ఆ సంఖ్య లేని వానిని మూగ చేసినప్పుడు, కొన్నవాడు నష్టపడెనే కాని అమ్మినవాడు కాదు. ఇప్పటి మాట యనిన, జియో సిమ్ము ఈ 1100లో పలుకదు. ఆ సంస్థకు 2జీ యే లేదు. తక్కిన సంస్థలు 2జీని మూసిన దినమున శాలిబండ బ్రష్షుకు, థిన్నరుకు ఏమి పని? 2023లో 999 రూపాయలకు వచ్చిన జియో భారత్ వంటి 4జీ మీటల ఫోను లుండవచ్చును. అవి వారసులు, ఆ పిన్నుల వంశము వానిది కాదు.

ఇటీవల నగరపు పడమటి ప్రాంతముల నుండి వచ్చు యువకులు కొందరు, మనశ్శాంతికై మీటల ఫోను కావలెనని అడుగుచున్నారని దుకాణదారుడు చెప్పెను. వారి జేబులో రెండవ ఫోను చల్లగా నుండును. ఆ వైరాగ్యమును నేను తప్పుపట్టను గాని, పంచభక్ష్యములు వండియుంచిన యింట నొకపూట ఉపవాసమునకును, గంప అమ్ముడైననే గాని పొయ్యి వెలుగని యింటి పస్తునకును భేదము కలదు. డబ్బాఫోను గుణములని మనము కొనియాడు వానిలో సగము పేదరికము నేర్పిన పొదుపు. బీరువాలోని ఫోనును ఆమె ముట్టకుండుట వైరాగ్యము కాదు, భయము. ఏదో నొక్కబోయి ఏదో పోవునను భయము. కొడుకు సెలవుమీద వచ్చి రెండేండ్లు కావచ్చెనట. అతనికి పుట్టిన ఆడపిల్ల ముఖమును ఆమె మనుమడు వచ్చిననాడే, వాని ఫోనులోనే, అరచేతియంత చూచును. పసిదాని ఏడ్పు మాత్రము 1100లో స్పష్టముగా వినబడునట.

“అమ్మమ్మా అంటదా?” అని అడిగితిని.

“నాయనమ్మను గదా. ఇంక మాటలు రాలే. ఊ కొడ్తది,” అని ఆమె సవరించినది.

అంతలో దుకాణదారుడు మరలు బిగించి, బ్యాటరీ యమర్చి, మీట నొక్కెను. రెండు చేతులు కలిసిన బొమ్మ తెరపై వెలిగినది. సరిగా పలుకుచున్నదో లేదో చూచుటకై అతడు తన ఫోనునుండి ఆమె అంకె నొక్కెను. 1100 గాజుబల్లపై గిలగిల తిరుగుచు మ్రోగ నారంభించినది. నెల మొత్తమునకు ఒక్కసారే కట్టి ఎంతసేపైనను మాటాడు ఈ దినములలో, ఆమె చేయి చాపి ఫోనును పట్టుకొనెనే గాని ఎత్తలేదు.

“ఎత్తమ్మా, మాట్లాడి చూడు.”

“ఎందుకు బిడ్డా, ఒక్క రింగు చాలు. కట్ జేయి, నీ పైసల్ పోతయ్.”