పాత గిటార్: విప్పే ముందు మీటర్ పెట్టండి

మోటార్ వైండింగ్ షాపు ముందు ఎప్పుడైనా ఐదు నిమిషాలు నిలబడ్డారా? జమ్మికుంటలో అయితే అది పెద్ద కష్టం కాదు. పత్తి మార్కెట్‌కు పేరున్న ఊరు, చుట్టూ బావులూ బోర్లూ. మోటార్ కాలిందంటే రైతు పరుగెత్తేది ఆ షాపుకే. మాడిన రాగి తీగ పీకేసి, చుట్లు లెక్కపెడుతూ కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఇస్తారు. అలాంటి షాపుకు నేను ఎలక్ట్రిక్ గిటార్ తీసుకెళ్లాను. అక్కడున్న రైతులు నన్ను చూసిన చూపు వేరే చెప్పాలా?

గిటార్ నాది కాదు. ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించిన పెద్దాయనది. కోల్‌కతాలో తయారైన పాతది, ఏళ్ల తరబడి అటక మీద పడుంది. ‘ఇంజినీరింగ్ చదివినవు గదా, జర చూడు బిడ్డా’ అని నా చేతిలో పెట్టారు.

ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దాన్ని కరెంటుగా మార్చేది పికప్. అయస్కాంతాల చుట్టూ చుట్టిన రాగి తీగ, అంతే. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే చెప్పిన సూత్రమే. మీరూ నాలాగే పరీక్ష కోసం బట్టీ పట్టి ఉంటారు. తేడా అంతా తీగ మందంలో ఉంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో వాడే 42 గేజ్ తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, అంటే మన వెంట్రుకంత. అలాంటివి ఏడెనిమిది వేల చుట్లు ఉంటాయి.

ఈ గిటార్‌కు మూడు పికప్‌లు. రెండు పలకడం లేదు. బ్రిడ్జి దగ్గరున్నదానికి మీటర్ పెడితే రీడింగే రాలేదు. తీగ లోపలెక్కడో తెగిందని తేల్చేసి, బ్లేడుతో చుట్టంతా కోసి పారేశాను. కొత్తగా చుట్టించవచ్చనే ధీమాతోనే వైండింగ్ షాపుకు వెళ్లింది. మేస్త్రి నా దగ్గరున్న కొత్త తీగను వెలుతురుకు పట్టి చూశాడు. ‘గిది ఎంటిక లెక్కున్నది తమ్మీ. నా మిషన్ మీద పెడ్తే పుటుక్కుమంటది’ అన్నాడు. తర్వాత రెండో పికప్ తీసుకుని భూతద్దం కింద పెట్టాడు. ‘ఇగో, ఈడ ఊడింది చూడు.’

తీగ లోపల తెగలేదు. బయటి వైరుకు అతికే చివర, సోల్డర్ దగ్గర ఊడింది. కొసను మెల్లగా ఒక చుట్టు విప్పి, ఎనామెల్ గీకి, ఒక్క చుక్క సోల్డర్ పెట్టాం. మీటర్ 6.1 కిలో ఓమ్‌లు చూపించింది. నేను కోసి పారేసినదానికీ ఇదే జబ్బయి ఉండొచ్చు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అందుకే చెబుతున్నా, మీకు పాత గిటార్ దొరికితే ముందు స్క్రూడ్రైవర్ తీయకండి. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండో చివర మొనకీ బయటి లోహానికీ మీటర్ పెట్టండి. స్విచ్ ఒక్కో పికప్ మీద ఉన్నప్పుడు, ఇలాంటి సింగిల్ కాయిల్ అయితే ఐదు నుంచి ఏడు కిలో ఓమ్‌ల దాకా కనిపించాలి. కనిపించకపోతే జాక్, స్విచ్, వాల్యూమ్ కంట్రోల్, డ్రై సోల్డర్లు చూశాకే పికప్ జోలికి వెళ్లండి. నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు. పలికినా నీరసంగా పలికితే తీగల వైపు చూడండి. ఈ గిటార్‌కు ఎవరో అకూస్టిక్ గిటార్ కాంస్య తీగలు బిగించారు. కాంస్యాన్ని అయస్కాంతం పట్టించుకోదు. నికెల్ పూత ఉక్కు తీగలు మార్చగానే ప్రాణం లేచొచ్చింది. మెడ వంగితే లోపలి ట్రస్ రాడ్‌ను ఒకసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు.

పాత చెక్కలో ఏదో మహిమ ఉందనే మాట నేను పెద్దగా నమ్మను. పాత గిటార్‌లో నాకు నచ్చేది వేరు. విప్పితే ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, చెడితే చేత్తో బాగుచేయొచ్చు. మీ జేబులోని ఫోన్ అలా ఉందా? క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే 1960లలో తండ్రితో కలిసి పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో చేసుకున్న గిటార్‌నే దశాబ్దాల పాటు వాయించాడు. తండ్రి ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్.

ఇది ఉపాధి అవుతుందా అంటే, జమ్మికుంటలో గిటార్లే నమ్ముకుంటే కాదు. కానీ మీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చేతికి అలవాటైతే కీబోర్డులు, యాంప్లిఫయర్లు, డీజే మిక్సర్లూ మీ దగ్గరికే వస్తాయి. ఈసీఈ, ట్రిపుల్ ఈ చదివినవాళ్లు డిగ్రీతో పాటు ఈ పనీ చెప్పుకోగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉంటుంది.

నేను పాడుచేసిన పికప్ సంగతి పెద్దాయనకు చెప్పేశాను. ‘రెండు పలుకుతున్నయి గదా’ అన్నారు. మొహం మాత్రం కొంచెం చిన్నబోయింది. అందుకే కుట్టుమిషన్ మోటారుతో సొంతంగా ఒక వైండింగ్ మిషన్ కట్టాను. చుట్లు లెక్కపెట్టడానికి పాత క్యాలిక్యులేటర్ ఈక్వల్ బటన్‌కు రీడ్ స్విచ్ కలిపాను. మొదటిసారి 3,140 దగ్గర తీగ తెగింది. మేస్త్రికి ఫోన్ చేస్తే నవ్వాడు. ‘జర మోటార్ల గిరాకీ తగ్గనియ్ తమ్మీ, ఇద్దరం కూసుందాం’ అన్నాడు. స్విచ్‌ను బ్రిడ్జి వైపు తోస్తే గిటార్ ఇప్పటికీ మూగగానే ఉంది.