ఒంటిగొట్టపు వేటపిస్తోలు

విజయదశమి వచ్చినదనిన మన పాతలోగిళ్లలో భోషాణములు తెఱవబడును. తాతముత్తాతలనాటి కత్తులతోపాటు ఒకానొక యింట ఒంటిగొట్టపు వేటపిస్తోలు గూడ వెలికివచ్చును. దానిని చింతపండుతోడను బూడిదతోడను తళతళలాడునట్లు తోమి, పసుపుకుంకుమలు తడిపి పెట్టి, హారతి యిచ్చి, తోలు ఒరలో దూర్చి మరల భోషాణమున పెట్టుదురు. భక్తికి లోపము లేదు. కాని ఆ పిస్తోలునకు ఇంతకంటె అపకారము చేయుట కష్టము. తోముటచే దాని రంగును, అక్షరములును పోవును. పసుపుతడి యినుమున నిలుచును. తోలు ఆ తడిని సంవత్సరము పొడవునను విడువక పట్టియుంచును.

మేము చెప్పునది తూటాలు వాడుకలోనికి రాకమునుపటి మాట. మూతినుండి మందును గుండును దట్టించి, వెనుకనున్న చిన్న ముక్కుపై రాగిటోపీ తొడిగి కాల్చెడి టోపీ పిస్తోలు. పేలుడు పదార్థమును గుఱ్ఱముచేత మోది నిప్పు పుట్టించు విధానమునకు స్కాట్లండు దేశపు మతాచార్యుడగు అలెగ్జాండరు ఫోర్సైతు 1807లో హక్కుపత్రము పొందెను. చెకుముకిరాతి నిప్పురవ్వకు బెదరి పక్షులెగిరిపోవుచున్నవని ఆయన ఈ యుపాయము వెదకెనందురు. ఏనుగు అంబారీమీద కూర్చుండి వేటాడువారు పులి పైకెగసినప్పుడు ఆత్మరక్షణకై వాడుటకు ఇంగ్లండు పనివారు లావుగొట్టపు పిస్తోళ్లు గూడ చేసి మన దేశమునకు పంపిరి. వానిలో జంటగొట్టములవి మెండు. ఒంటిగొట్టముది ఒకేమాఱు పేలును గనుక గుఱి తప్పినవానికి రెండవ యవకాశము లేదు.

ఇట్టి పిస్తోలు చేతికి వచ్చినపుడు మొదట చేయవలసినది శుభ్రపఱచుట కాదు, లోపల మందు కలదో లేదో చూచుట. నల్లమందు పొడిగా నున్నంతవఱకు తరములు గడచినను తన శక్తిని విడువదు. వేటనుండి వట్టిచేతులతో తిరిగివచ్చిన తాతగారు దట్టించిన మందును అట్లే యుంచి గోడకు తగిలించినచో, దానిని మనుమడు ఆటకై చేతబట్టునప్పటికి అది కాచుకొనియే యుండును. పరీక్ష సులభము. ముక్కుపై టోపీ లేకుండ చూచి, మూతిని మనుష్యులు లేని దెసకు త్రిప్పి, అఱచేయి మూతికి అడ్డము రానీయక, గజమును లోనికి దించి మూతియొద్ద గుర్తు పెట్టవలెను. వెలికి తీసి గొట్టము ప్రక్కన ఆనించి చూచిన, గజపు కొన చెవిదాక వచ్చినచో గొట్టము వట్టిది. అంగుళమో రెండంగుళములో ముందే నిలిచినచో లోపల ఏదియో కలదు. అంతట చేయి తీసివేసి, లైసెన్సుగల పనివానిని పిలువవలెను. లోనిదానిని ఇనుపసలాకతో పొడిచి తీయజూచుట, నిప్పుసెగ చూపుట ప్రాణములతో ఆడుకొనుట.

నల్లమందులో ఉజ్జాయింపుగా నూటికి 75 పాళ్లు సురేకారము, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకము. అది కాలినప్పుడు సగముకంటె మించినది వాయువుగా మాఱక మసిగాను లవణములుగాను మాఱును; అందు కొంత పొగతో పోగా కొంత గొట్టమునందే మిగులును. పాతకాలపు టోపీలలో వాడిన పొటాసియము క్లోరేటు పేలినపిదప పొటాసియము క్లోరైడుగా మాఱి, వంటింటి ఉప్పువలెనే చెమ్మనుపట్టి యినుమును తినును. మచిలీపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరపు గాలిలో ఒక్కరాత్రి చాలును. కిరసనాయిలుతో తుడిచితిమి, ఇక భయములేదని కొందఱందురు. లవణము నూనెలో కరగదు, నీటిలో కరగును. కావున గొట్టమును కఱ్ఱనుండి విడదీసి, మరగకాగిన నీటితో మసి పోవువఱకు కడిగి, ఆ వేడిమిచేతనే తడి యాఱిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, పలుచని నూనె పట్టించవలెను. కొబ్బరినూనె, నువ్వులనూనె కొన్నాళ్లకు జిగురుకట్టి గుఱ్ఱపు నడకను చెఱచును. కుట్టుమిషనునకు వాడెడి ఖనిజతైలము మేలు. నూనె యెక్కువైనను కీడే. మూతి పైకి నిలిపినచో అది క్రిందికి జారి పిడికఱ్ఱలోనికి ఇంకి, కఱ్ఱను మెత్తపఱచును. మూతి దిగువకుండునట్లు పెట్టుట మంచిది.

గుఱ్ఱపు యంత్రమునందు రెండు మెట్లుండును: సగపు మెట్టు, నిండు మెట్టు. సగపు మెట్టున నిలిపినపుడు మీట నెంత నొక్కినను గుఱ్ఱము పడరాదు. వేటగాని తొడకు, తోడివారి ప్రాణమునకు రక్షణ ఆ చిన్న గంటియే. వట్టిపిస్తోలును చేతబట్టి, సగపు మెట్టునకు ఎత్తి, మీటను నొక్కి చూడుడు. గుఱ్ఱము జాఱినచో అది ఇక ఆయుధము కాదు, అపాయము. ఇచటనే మన మేధావులు ఆకురాయి పట్టి గంటిని లోతుచేయబోవుదురు. ఈ భాగములకు పైపొర మాత్రమే గట్టిగానుండునట్లు బొగ్గులో కాల్చి పదును పెట్టియుందురు. ఆకురాయి ఆ పొరను దాటెనా, లోనున్నది మెత్తని యినుము. చక్కదిద్దిన గంటి కొలదికాలములోనే మరల అరగును. కమానును గూడ ఉలితో ఎగద్రోయరాదు. దానిని బిగించి పట్టు కొఱముట్టు వేఱే కలదు. అది లేనివాడు ఆ పనికి పూనుకొనకుండుటయే నేర్పు. మరచీలల గాడికి సరిగా నమరునట్లు తిరుపుళి మొనను అరగదీసికొనుట మాత్రము ఇంటివారు చేయదగినదే. గాడి చీల్చిన చీల ఒక్కటి చాలును, వస్తువు విలువ పడిపోవుటకు.

ఇక గొట్టము. కొన్నిటిపై నీటియలలవంటి చారలుండును. వీనిని దమస్కసు గొట్టములందురు. మన కోనసముద్రపు ఉక్కు దమస్కసు కత్తులకు ఖ్యాతి తెచ్చిన మాట సత్యమే గాని, ఈ గొట్టముల చారలు ఆ ఉక్కువి కావు. ఇనుపపట్టెలను ఉక్కుపట్టెలను కలిపి మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, సమ్మెటతో అతికినందున ఏర్పడినవి. ఆ యతుకులలో తుప్పు దాగినచో పైకి కనబడదు. పొగలేని మందును ఫ్రెంచివాడగు పాల్ వియేలు 1884లో కనుగొనెను. దాని ఒత్తిడికి ఈ పాతగొట్టములు ఉద్దేశింపబడినవి కావు. అట్టి మందు చిటికెడైనను వీనిలో వేయరాదు. గొట్టపు అడుగున నున్న ముద్రలను చదువవలెను. లండను తుపాకిపనివారి సంఘము 1637లో రాజశాసనము పొందినది. బర్మింగుహాములో పరీక్షాలయము 1813లో ఏర్పడినది. ముద్ర యున్నచో, చేసిననాడు గొట్టము పరీక్షకు నిలిచినదని యర్థము. నేడు నిలుచునని కాదు. చింతపండుతో తోమువారు మొదట చెఱుపునది ఈ ముద్రలనే. గొట్టముపైని గోధుమరంగు మురికి కాదు, పనివాడు ఓపికతో పట్టించిన కాపుదల.

మఱి పనివాడేడి? ఒకప్పుడు తుపాకి చెడినచో ఊరి కమ్మరి బాగుచేసెను. లిట్టను ప్రభువు కాలమున 1878లో వచ్చిన ఆయుధశాసనము భారతీయుని లైసెన్సునకై వాకిట నిలిపి, తెల్లవానికి మినహాయింపు నిచ్చెను. ఈ దేశప్రజలను నిరాయుధులను చేసిన యా శాసనమును చరిత్ర పరపాలనలోని మిక్కిలి నల్లనికార్యముగా చూచునని మహాత్ముడు 1918లో సైనికసమీకరణ కరపత్రమున వ్రాసెను. ఆయుధముతో పాటు దాని విద్యయు ఊళ్ల నుండి తొలగెనని మా యభిప్రాయము. ముంగేరువంటి తావులలో ఆ విద్య నిలిచియుండుట మన భాగ్యము. స్వతంత్రభారతపు 1959 ఆయుధశాసనము అందఱకు ఒక్కటే. దానిని బట్టి మరమ్మతు చేయువానికిని లైసెన్సు ఉండవలెను. చాటున కమ్మరిచేత బాగుచేయించుకొనుట యిద్దఱికిని నేరమే.

పాతదగుటచేతనే లైసెన్సు అక్కఱలేదను భ్రమ మన భూస్వాముల యిండ్లలో మెండు. ఎట్టి మరమ్మతు చేసినను కాల్చుటకు పనికిరానిదైనప్పుడే శాసనము మినహాయింపు నిచ్చుచున్నది. కమాను మార్చిన పేలునది ఆయుధమే. లైసెన్సు తండ్రితో పోవును. వారసుడు జాగుచేయక రక్షకభటనిలయమునందో లైసెన్సుగల వర్తకునియొద్దనో ఆయుధమును అప్పగించి, తన పేర దరఖాస్తు పెట్టవలెను. వేటమాట యన, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణశాసనమును, దానికి 1991లో జరిగిన సవరణయు తలుపులు దాదాపు మూసివేసినవి.

ఎన్నికలు ప్రకటింపబడినపుడు లైసెన్సుదారుల ఆయుధములను ఠాణాలో పెట్టుమని అధికారులు ఆజ్ఞాపించుట కలదు. అవి అచట వారములకొలది మూలబడియుండును, వానకాలమైనచో చెప్పనక్కఱలేదు. అప్పగించుటకు ముందునాడే నూనె పట్టించి, తోలు ఒర విడిచి నూలుగుడ్డలో చుట్టి, సంఖ్యను రసీదులో సరిచూచుకొనవలెను. తిరిగివచ్చిన దినముననే గుడ్డ విప్పి, గజమును లోనికి దించి కొలిచి, మరల తుడువవలెను.